పక్క బంటు జరిపితే పిరికి ఆటేనా?

కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో ఆదివారం పిల్లల చెస్ పోటీ జరిగితే, హాలు బయట తల్లిదండ్రుల మాటలు వినాలి. "మావోడు నడిమి బంటు ముట్టనే లేదు, పక్క బంటు జరిపిండు. గింకేం గెలుస్తడు?"

అపోహ: పక్క నుంచి మొదలుపెడితే మధ్య గళ్లు వదిలేసుకున్నట్టే.
వాస్తవం: వదలరు, దూరం నుంచి గురిపెడతారు. సి4కు జరిగిన బంటు డి5ను కాస్తుంది. జి2లో కూర్చున్న బిషప్ చూపూ అటే. 1924లో న్యూయార్క్‌లో రిచర్డ్ రేటీ ఇలా ఆడే, ఎనిమిదేళ్లుగా ఓటమి ఎరగని ప్రపంచ చాంపియన్ కాపబ్లాంకాను ఓడించాడు.

అపోహ: ఏ పక్క బంటైనా ఒకటే, ప్రమాదం లేదు.
వాస్తవం: పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. తెలుపు ఎఫ్4 ఆడితే, నలుపు ఈ5 అంటూ బంటును ఎర వేస్తుంది. తెలుపు కొడుతుంది. నలుపు డి6, తెలుపు మళ్లీ కొడుతుంది. ఆ బంటును నలుపు బిషప్ తీసేస్తుంది. ఒక బంటు లాభమే కదా అని తెలుపు గుర్రాన్ని సి3కి తెచ్చిందా, అయిపోయినట్టే. మంత్రి హెచ్4కు వచ్చి చెక్ చెబుతుంది. జి3 అడ్డం పెట్టక తప్పదు. మంత్రి ఆ బంటునూ కొట్టి బలైపోతుంది. హెచ్ బంటు దాన్ని తీయగానే బిషప్ జి3లో వాలి ఆట కట్టు. మొత్తం ఆరు ఎత్తులు! ఆ గుర్రం బదులు రెండో గుర్రాన్ని ఎఫ్3కి తెచ్చి ఉంటే, హెచ్4 దాని కాపలాలో ఉండేది. పెద్దలకూ ఈ గండం తప్పలేదు: 1970లో బెల్‌గ్రేడ్‌లో బి3తో మొదలెట్టిన గ్రాండ్‌మాస్టర్ లార్సెన్‌ను అప్పటి ప్రపంచ చాంపియన్ స్పాస్కీ 17 ఎత్తుల్లో ముగించాడు.

అపోహ: సి4 ఆడితే ఓపెనింగులు చదవక్కర్లేదు.
వాస్తవం: ఇంకా ఎక్కువ చదవాలి. 1972 ప్రపంచ పోటీ ఆరో గేమ్‌లో ఫిషర్ సి4తో మొదలెట్టాడు. మూడో ఎత్తుకల్లా ఆట నడిమి బంటు ఓపెనింగైన క్వీన్స్ గాంబిట్‌లోకి తిరిగింది.

అపోహ: ఇవన్నీ చప్పటి డ్రాలు.
వాస్తవం: 2024లో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ పోటీలో, చెన్నైలోని తెలుగింట పుట్టిన గుకేశ్ పదకొండో గేమ్‌ను గుర్రం ఎఫ్3తో మొదలెట్టి 29 ఎత్తుల్లో గెలిచాడు. మర్నాడే ప్రత్యర్థి డింగ్ లిరెన్ సి4 ఆడి, 39 ఎత్తుల్లో లెక్క సరిచేశాడు.