రెండో టీవీకి రెండో తీగ

ఇంట్లో రెండో టీవీ పెట్టుకోవాలనుకునేవాళ్ళు మొదట అడిగేది బాక్సు ఎంత, నెలకు ఎంత కట్టాలి అని. డాబా మీది డిష్ నుంచి గదిలోకి దిగే తీగ సంగతి ఎవరికీ పట్టదు. పాత తీగ ఉంది కదా, బజారులో ఒక స్ప్లిటర్ తెచ్చి దాన్ని రెండుగా చీలిస్తే సరిపోతుందనుకుంటారు. విశాఖపట్నం వన్ టౌన్‌లో ఈ ఆలోచన మరీ సహజం. కోటవీధి, కురుపాం మార్కెట్, సోల్జర్‌పేట పరిసరాల్లో పాత ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఒకే మేడలో రెండు మూడు వాటాలు, ఒక్కో వాటాలో పెద్దవాళ్ళకొక టీవీ, పిల్లలకొక టీవీ. డాబా మాత్రం ఒకటే. అందరికీ రావలసింది దాని మీంచే రావాలి. ఇలాంటి ఇళ్ళలో టీవీలు పెరుగుతున్నప్పుడు డబ్బు ముందుగా పెట్టవలసింది తీగ మీద, డిష్ ముందు చేతికి బిగించి ఉండే ఎల్‌ఎన్‌బీ మీద. బాక్సు ఆ తర్వాతి మాట.

ఎందుకో తెలియాలంటే ఆ తీగలో ఏం నడుస్తుందో చూడాలి. కేబుల్ టీవీ తీగలో ఛానళ్ళన్నీ ఎప్పుడూ కలిసే ప్రవహిస్తాయి, కనుక దాన్ని చీల్చినా రెండు వైపులా అన్నీ అందుతాయి. డిష్ తీగ అలాంటిది కాదు. ఉపగ్రహం నుంచి కేయూ బ్యాండులో, అంటే 10.7 నుంచి 12.75 గిగాహెర్ట్జ్ దాకా వచ్చే తరంగాలను ఎల్‌ఎన్‌బీ పట్టి, తీగలో ప్రయాణించగలిగే 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ స్థాయికి దించుతుంది. అయితే ఆకాశం నుంచి వచ్చే తరంగాలు రెండు రకాలు: నిలువుగా కంపించేవి, అడ్డంగా కంపించేవి. ఈ రెండూ ఒకే తీగలో ఒకేసారి పట్టవు. అందుకే సెట్‌టాప్ బాక్సు అదే తీగ గుండా పైకి కరెంటు పంపుతుంది. 13 వోల్టులు పంపితే నిలువు తరంగాలు కావాలని, 18 వోల్టులు పంపితే అడ్డ తరంగాలు కావాలని ఎల్‌ఎన్‌బీ అర్థం చేసుకుంటుంది. బ్యాండులో కింది సగమా పై సగమా అన్నది 22 కిలోహెర్ట్జ్ సంకేతంతో చెబుతుంది. అంటే తీగ కిందికి బొమ్మను తేవడమే కాదు, పైకి ఆజ్ఞను కూడా మోస్తుంది. ఒక తీగ మీద ఇద్దరు ఆజ్ఞలిస్తే, ఒకే ఆటో ఎక్కి ఒకరు పూర్ణా మార్కెట్‌కు, మరొకరు ఫిషింగ్ హార్బర్‌కు పొమ్మన్నట్టు ఉంటుంది. స్ప్లిటర్ పెట్టిన ఇంట్లో ఎక్కువ వోల్టు పంపిన బాక్సు మాటే చెల్లుతుంది. హాల్లో ఎవరో 18 వోల్టుల ఛానల్ పెడితే, పడకగదిలో 13 వోల్టుల ఛానల్ చూస్తున్నవాళ్ళకు బొమ్మ ఉన్నట్టుండి పోతుంది. డిష్ కదిలిందనుకుంటారు, మెకానిక్‌ను పిలుస్తారు. అతను వచ్చేసరికి హాల్లో టీవీ కట్టేసి ఉంటే లోపం కనిపించనే కనిపించదు.

మా ఇంట్లో స్ప్లిటర్‌తో ఏళ్ళ తరబడి రెండు టీవీలూ బాగానే నడుస్తున్నాయి కదా అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళ మాట అబద్ధం కాదు. రెండు టీవీల్లో చూసే ఛానళ్ళన్నీ ఒకే రకం తరంగాల మీద, బ్యాండులో ఒకే సగంలో ఉంటే తగవు రాదు. ఒక వైపు మాత్రమే కరెంటు పోనిచ్చే స్ప్లిటర్ పెట్టి, ఆ వైపున్న బాక్సు ఎప్పుడూ ఆన్‌లో ఉంటే రెండోది దాని నీడన నెట్టుకొస్తుంది. కానీ ఏ ఛానల్ ఉపగ్రహంలోని ఏ ట్రాన్స్‌పాండర్ (ప్రసార పరికరం) మీద ఉండాలో నిర్ణయించేది ప్రసార సంస్థ. అది ఒకసారి ఛానల్ చోటు మార్చిందంటే, నిన్నటిదాకా నడిచిన ఏర్పాటు ఇవాళ ఆగిపోతుంది. పైగా స్ప్లిటర్ ఒక్కో వైపుకు సగం కన్నా తక్కువ శక్తినే పంపుతుంది. నడుస్తున్నంత కాలం నడవనివ్వడంలో తప్పు లేదు గానీ, కొత్తగా టీవీ కొని వైరింగ్‌కు మనిషిని పిలిచినప్పుడు కూడా అదే దారి పట్టడం నాకు సమంజసంగా తోచదు.

సరైన దారి ఏమీ కష్టమైనది కాదు. రెండు టీవీలకు రెండు నోళ్ళున్న ఎల్‌ఎన్‌బీ, నాలుగింటికి నాలుగు నోళ్ళున్నది బిగించాలి. ప్రతి నోటి నుంచీ ఒక్కో బాక్సుకు సొంత తీగ, మధ్యలో అతుకు లేకుండా దిగాలి. అప్పుడు ఒక్కో బాక్సు ఆజ్ఞ దానిదే. నాలుగు టీవీలు దాటితే, వాటాలన్నిటికీ కలిపి పెట్టాలంటే, క్వాట్రో ఎల్‌ఎన్‌బీ, మల్టీస్విచ్ అనే జోడు ఉంది. క్వాట్రో ఎల్‌ఎన్‌బీ నిలువు, అడ్డం, కింది సగం, పై సగం అన్న నాలుగు కలయికలనూ నాలుగు తీగల్లో నిరంతరం దించుతుంది. డాబా కింద గోడకు బిగించిన మల్టీస్విచ్ ఏ బాక్సు ఏది అడిగితే దానికి అది అందిస్తుంది. ఎనిమిది, పదహారు బాక్సులకు సరిపడేవి కూడా దొరుకుతాయి. దానికి విడిగా కరెంటు కావాలి కనుక, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద టీవీ చూసే అలవాటున్న ఇళ్ళలో మల్టీస్విచ్‌ను కూడా ఇన్వర్టర్‌కే కలపాలి. గోడలు బద్దలు కొట్టి కొత్త తీగ లాగడం కుదరని పాత ఇళ్ళకు ఒకే తీగలో పలు బాక్సులను నడిపే పద్ధతి ఒకటుంది. 2007లో ఐరోపాలో దీనికి ప్రమాణం ఏర్పడింది. ఒక్కో బాక్సుకు తీగలో ఒక్కో పౌనఃపున్యం కేటాయిస్తారు. అయితే ఆ పద్ధతి బాక్సుకు తెలిసి ఉండాలి, కాబట్టి సర్వీసు ఇచ్చే కంపెనీని అడగకుండా కొనకూడదు.

ఒక్కో వాటావాళ్ళు ఒక్కో కంపెనీ బాక్సు వాడుతుంటే డిష్ ఎలా పంచుకుంటారన్నది న్యాయమైన సందేహమే. డిష్ ఉపగ్రహానికి ఒకటి చొప్పున కావాలి గానీ కుటుంబానికి ఒకటి చొప్పున కాదు. టాటా ప్లే ఉపగ్రహాలు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, దూరదర్శన్ ఫ్రీ డిష్ వాడే జీశాట్-15 93.5 డిగ్రీల దగ్గర, ఎయిర్‌టెల్ ఉపగ్రహం 108.2 డిగ్రీల దగ్గర ఉన్నాయి. విశాఖ కూడా 83 డిగ్రీల రేఖాంశాన్ని ఆనుకునే ఉంది కనుక మొదటి దానికి డిష్‌ను దాదాపు నేరుగా దక్షిణానికి, మిగతా రెండింటికి ఆగ్నేయం వైపు తిప్పాలి. ఇక్కడ వన్ టౌన్‌కు కలిసొచ్చే విషయం ఒకటుంది. మన అక్షాంశానికి టాటా ప్లే ఉపగ్రహం క్షితిజం నుంచి సుమారు 69 డిగ్రీల ఎత్తున, దాదాపు నెత్తి మీదే ఉంటుంది. ఎయిర్‌టెల్‌ది 55 డిగ్రీల ఎత్తున ఉంటుంది. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ ఉన్నా అడ్డు రాదు. పక్క మేడ మన డాబా కన్నా ఒక అంతస్తు, అంటే మూడు మీటర్లు ఎత్తుగా ఉన్నా, దాని గోడ నుంచి ఒకటిన్నర మీటర్లు జరిగితే మొదటి ఉపగ్రహానికి, రెండున్నర మీటర్లు జరిగితే మూడోదానికి దారి దొరుకుతుంది. ఇరుకు సందుల్లో సిగ్నల్ రాదన్న భయంతో ఎవరి డిష్ వాళ్ళు పిట్టగోడ అంచున, వీధి మీదికి వేలాడేలా బిగించుకోనక్కర్లేదు. డాబా నడుమ గట్టిగా పాతిన ఇనుప స్తంభాలు రెండు మూడు ఉంటే మేడకంతటికీ చాలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరం మీదే తీరం దాటింది. అలాంటి గాలికి సన్నని గోడ మీద రెండు మేకులతో నిలబెట్టిన డిష్ తట్టుకుంటుందని ఎవరూ అనలేరు, అది ఊడి కింద నడిచేవాళ్ళ మీద పడే ప్రమాదమూ ఉంది.

తీగ నాణ్యత గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే సముద్రం పక్కన ఉండే ఊళ్ళో ముందుగా చచ్చేది అదే. డిష్‌కు వాడవలసింది 75 ఓముల ఆర్‌జీ-6 తీగ. మంచిదైనా రెండు గిగాహెర్ట్జ్ దగ్గర పది మీటర్లకు దాదాపు మూడు డెసిబెల్స్, అంటే సగం శక్తి, పోతుంది. ఎల్‌ఎన్‌బీ సిగ్నల్‌ను ముందే ఎన్నో రెట్లు పెంచి పంపుతుంది కనుక ఇరవై మీటర్ల దాకా ఈ నష్టం బాధించదు. బాధించేది రెండు చోట్ల. చవక తీగల్లో నడిమి కడ్డీ ఉక్కుది, పైన రాగి పూత మాత్రమే ఉంటుంది. సిగ్నల్‌కు అది చాలు గానీ, పైకి వెళ్ళే కరెంటుకు నిరోధం ఎక్కువై, పొడవు పెరిగేకొద్దీ 18 వోల్టులు తగ్గుతూ పోతాయి. రెండోది అతుకు. ఉప్పుగాలి, దాని మీద రేవు వైపు నుంచి కొట్టుకొచ్చే దుమ్ము కలిసి కనెక్టర్ లోపలికి చేరితే తీగలోని లోహపు జాలీ పచ్చబడి, నల్లబడి పొడిగా రాలుతుంది. చేత్తో తిప్పి ఎక్కించే కనెక్టర్ బదులు పనిముట్టుతో నొక్కి బిగించే రకం వేయించుకుని, దాని మీద సాగే రబ్బరు టేపు చుట్టించాలి. తీగ గోడలోకి దూరే ముందు కిందికి ఒక వంపు వదిలితే వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. డిష్ స్తంభానికి ఎర్తింగ్ ఉండాలి. వానలో బొమ్మ ఆగిపోతోందని బూస్టర్ కొనడం మాత్రం దండగ. వాన మింగేది ఎల్‌ఎన్‌బీని చేరకముందే కనుక, బూస్టర్ పెంచేది మిగిలిన రొదను కూడా. డిష్‌ను కచ్చితంగా గురిపెట్టించడం, అవసరమైతే పెద్ద డిష్ పెట్టడం, ఇవే మందు.

అసలు ఇంటర్నెట్ ఉండగా ఈ తీగల గొడవ ఎందుకు అన్నది పెద్ద ఆక్షేపణ. డబ్బు కట్టే డీటీహెచ్ చందాదారులు దేశంలో 2021లో సుమారు 7 కోట్లు ఉంటే 2024 మార్చి నాటికి 6.2 కోట్ల దగ్గరకు తగ్గారు. 2017 డిసెంబరు 27న ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ టీవీ, ఇంటర్నెట్, ఫోను కలిపి నెలకు 149 రూపాయలకే ఇస్తామని వచ్చింది. వేగమైన ఇంటర్నెట్ ఉండి, నెలనెలా కట్టగలిగి, సీరియల్ అయినా క్రికెట్ అయినా ఫోన్‌లో చూసుకునే ఇంటికి రెండో డిష్ తీగ అక్కర్లేదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఫ్రీ డిష్ చూసే ఇళ్ళకు నెల చందా అనేదే లేదు. అక్కడ రెండో టీవీ అంటే ఒక బాక్సు, ఒక తీగ, రెండు నోళ్ళ ఎల్‌ఎన్‌బీ, ఆ ఖర్చు ఒక్కసారితో సరి. రోజుకూలీ మీద బతికే కుటుంబానికి ఆగని రీఛార్జికీ ఒకసారి పెట్టే ఖర్చుకూ ఉన్న తేడా చిన్నది కాదు. తుపాను రోజుల్లో స్తంభాల మీద వేలాడే తీగలు తెగితే వీధంతా ఆగిపోతుంది. డాబా మీది డిష్ నిలబడి ఉంటే, కరెంటు రాగానే వార్తలు వస్తాయి.

డబ్బు కట్టే కంపెనీ బాక్సులైతే నెల ఖర్చు ముందే తేల్చుకోవాలి. 2020 జనవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, ఒకే ఇంట్లో రెండో టీవీ నుంచి నెట్‌వర్క్ రుసుము మొదటిదానిలో 40 శాతం మించకూడదని కట్టడి పెట్టింది. 2024 జులైలో ఈ రుసుముల మీది పరిమితులు ఎత్తివేసి కంపెనీలకే వదిలేసింది. కాబట్టి పాత లెక్క నమ్ముకోకుండా కంపెనీ ఇప్పుడు రెండో టీవీకి ఎంత వేస్తుందో అడగాలి. తీగ ఖర్చు ఎవరిదన్నది అద్దె ఇళ్ళలో వచ్చే తగవు. అది ఇంటివాళ్ళు పెట్టుకోవడమే సబబని నా అభిప్రాయం. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసినప్పుడు బాక్సు పట్టుకుపోతారు, గోడలో తీగ ఇంటికే మిగులుతుంది. పాత ఇల్లు పడగొట్టి మేడ కడుతున్నవాళ్ళు స్లాబు వేసే ముందే డాబా నుంచి ప్రతి వాటాకూ ఒక అంగుళం పీవీసీ గొట్టం దించి, గదికి రెండు తీగల చొప్పున లాగించి, రెండు కొసల్లోనూ ఏది ఏ గదిదో చెరగని సిరాతో రాయించాలి. వాడని తీగల కొసలకు మూతలు బిగించి, నీరు చేరని పెట్టెలో చుట్టగా ఉంచితే, తర్వాత వచ్చే మెకానిక్ గోడ తొలవకుండా అరగంటలో పని ముగిస్తాడు.