చదువుకు బద్ధకం ఎందుకు? దాన్ని దాటడం ఎలా?

చదువును వాయిదా వేయడానికి కారణం ఒళ్లు బద్ధకం ఒక్కటే కాదు. అర్థంకాని పాఠం, తెగని లెక్క ఎదురైతే విసుగు, భయం పుడతాయి. పుస్తకం మూయగానే ఆ ఇబ్బంది కాసేపు తగ్గుతుంది. ఆ ఊరటే మర్నాడూ పుస్తకం మూయిస్తుంది. పైగా ఎప్పుడో వచ్చే ఫలితం కంటే ఇప్పుడే చేతికందే ఆనందానికి మెదడు ఎక్కువ విలువ కడుతుంది. మార్చిలో జరిగే పదో తరగతి పరీక్ష ఆగస్టులో ఎవరినీ పెద్దగా కంగారు పెట్టదు. ముందుచూపుకు, నిగ్రహానికి తోడ్పడే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటుతాయి. కాబట్టి పిల్లల్ని సోమరిపోతులనడం న్యాయం కాదు. తిట్లు భయాన్నే పెంచుతాయి.

ఉత్సాహం వచ్చాక చదవాలనుకుంటే అది రాకనే పోవచ్చు. చాలాసార్లు పని మొదలయ్యాకే ఆసక్తి పుడుతుంది. అందుకే తొలి అడుగు చిన్నదిగా ఉండాలి: ఒక్క పేరా, ఒక్క లెక్క. 1980ల చివర్లో ఇటలీ విద్యార్థి ఫ్రాన్చెస్కో చిరిల్లో టమాటా ఆకారంలోని వంటింటి టైమర్ పెట్టుకుని చదివేవాడు. 25 నిమిషాల చదువు, 5 నిమిషాల విరామం అనే పొమొడోరో పద్ధతి అలా పుట్టింది. ఆ 25లో మహిమేమీ లేదు, పదిహేనైనా ఫర్వాలేదు.

‘రేపటి నుంచి బాగా చదువుతా’ అనే నిర్ణయం నిలవడం కష్టం. ‘సాయంత్రం పాలు తాగగానే సైన్సు రెండో పాఠం తీస్తా’ అని సమయాన్నీ పనినీ ముడిపెడితే అమలయ్యే అవకాశం ఎక్కువని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపాయి. చదివేటప్పుడు ఫోన్ పక్క గదిలో ఉండాలి, నిద్ర చాలినంత ఉండాలి. వారాల తరబడి ఆటల మీద కూడా ఆసక్తి లేకపోతే అది బద్ధకం కాకపోవచ్చు. పెద్దలకు చెప్పి డాక్టరును కలవడం మంచిది.