‘మాలపల్లి’ నవల: నాయకత్వ రీతులు, మానవ స్వభావం

1. పరిచయం

అన్యాయానికి గురైన సమూహంలోంచి ఒకే రకం నాయకుడు పుట్టడు. ఒకరు పదిమందినీ కూడగడతారు. ఒకరు ఆయుధం పట్టి తామే ఎదిరిస్తారు. మరొకరు ఓర్పు వహించమంటారు. ఒకే ఇంట్లో ఈ ముగ్గురూ ఉంటే ఏమవుతుందో చూపిన నవల ‘మాలపల్లి’.

దీని రచయిత ఉన్నవ లక్ష్మీనారాయణ (1877–1958). పల్నాడు పుల్లరి సత్యాగ్రహ కాలంలో జైలుకు వెళ్లి, అక్కడే ఈ నవల రాశారు. 1922లో వెలువడిన దీనిని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. దీనికి ‘సంగవిజయం’ అనే పేరు కూడా ఉంది. నాయకత్వం గురించి రచయిత ఏమనుకున్నాడో ఆ పేరులోనే తెలుస్తుంది.

2. మూడు రీతులు

కథకు కేంద్రం దళితుడైన రామదాసు కుటుంబం. రామదాసు భక్తుడు, తత్త్వజ్ఞుడు. కష్టం వచ్చినా మనసులో ద్వేషం చేరనివ్వడు. పల్లె ఆయనను గౌరవిస్తుంది. అయితే ఆ గౌరవం ఎవరి కూలినీ పెంచదు.

కొడుకు సంగదాసు ఊరి భూస్వామి చౌదరయ్య ఇంట పాలేరు. చౌదరయ్య కుమారుడు రామానాయుడు అతని స్నేహితుడు. కూలి తగాదా వచ్చినప్పుడు సంగదాసు కూలీలను ఒక్క మాట మీద నిలబెడతాడు. అతని బలం కండలో లేదు, నచ్చజెప్పడంలో ఉంది. చౌదరయ్య కోపంలో కొట్టిన దెబ్బకు అతని ప్రాణం పోతుంది.

మరో కొడుకు వెంకటదాసు వేరే దారి పడతాడు. తక్కెళ్ల జగ్గడు అనే పేరుతో ధనికులను దోచి పేదలకు పంచుతాడు. చివరకు పట్టుబడి శిక్షకు గురవుతాడు.

3. తేడా ఎక్కడ ఉంది?

అన్నదమ్ములిద్దరూ చూసిన అన్యాయం ఒకటే. ఇద్దరికీ ధైర్యం ఉంది, ఇద్దరిలోనూ స్వార్థం లేదు. కాబట్టి ఒకరు మంచి, ఒకరు చెడు అని చెప్పి ముగిస్తే నవల అర్థం కాదు. వారి వెంట ఉన్న జనం ఏ స్థితిలో ఉన్నారో గమనించండి. వెంకటదాసు దగ్గర పేదలు పుచ్చుకునేవారు. ధాన్యం వస్తుంది, కానీ ఎవరిని దోచాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది వారు కాదు. సంగదాసు దగ్గర వారు నిర్ణయంలో భాగస్వాములు. పనికి వెళ్లకపోతే ఆకలికి గురయ్యేది తామేనని తెలిసి నిలబడతారు.

అందుకే నాయకుడు పోయిన తర్వాత ఫలితం వేరుగా ఉంటుంది. జగ్గడు పట్టుబడటంతో అతని పంపకం ఆగిపోతుంది. సంగదాసు మరణించినా అతని పేరున సంగపీఠం వెలుస్తుంది. అయితే ఇది సులభమైన విజయం కాదు. న్యాయం అండగా లేనిచోట శాంతియుత నాయకుడు ప్రాణమే చెల్లించవలసి వచ్చిందని కూడా నవల చెబుతుంది. వెంకటదాసు ఆగ్రహానికి కారణం అదే.

4. మానవ స్వభావం

ఆంగ్ల రచయిత విలియం గోల్డింగ్ 1954లో ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ రాశారు. నిర్జన ద్వీపంలో చిక్కుకున్న పిల్లల్లో రాల్ఫ్ సభ పెట్టి, శంఖం పట్టుకున్నవారికి మాట్లాడే హక్కు ఇస్తాడు. జాక్ వేటతో, మాంసంతో, భయంతో పిల్లలను తనవైపు లాక్కుంటాడు. క్రౌర్యం మనిషి లోపలే ఉందని గోల్డింగ్ సూచిస్తాడు. ఉన్నవ మాత్రం మనిషిని కులం, కూలి, భూమి మధ్య నిలబెట్టి చూస్తాడు. చౌదరయ్య కోపం అతని ఒక్కడిదే కాదు. పాలేరు ఎదురు చెప్పకూడదని తరతరాలుగా నేర్పిన వ్యవస్థ దాని వెనుక ఉంది. అదే ఇంట పుట్టిన రామానాయుడు సంగదాసుకు స్నేహితుడయ్యాడు. అంటే స్వభావం మారగలదు.

5. మన పరిసరాల నుంచి

గోదావరిఖని, రామగుండం ప్రాంత విద్యార్థులకు బొగ్గు బాయి దగ్గర జరిగే గేట్ మీటింగ్ పరిచితమే. అక్కడ “నేను చూసుకుంటా, మీరు నిశ్చింతగా ఉండండి” అనే నాయకుడు ఉండవచ్చు. “మీరేమంటారు?” అని అడిగే నాయకుడూ ఉండవచ్చు. సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘాన్ని కార్మికులు రహస్య ఓటుతో ఎన్నుకుంటున్నారు. ఎన్నుకున్నవారికి ప్రశ్నించే హక్కు, వచ్చే ఎన్నికలో మార్చే హక్కు ఉంటాయి. జగ్గడిని అలా ప్రశ్నించే వీలు ఎవరికీ లేదు. అతని మంచితనాన్ని నమ్మడమే పేదలకు మిగిలిన దారి.

6. సారాంశం

నాయకుడు ఎంత గొప్పవాడన్నది మొదటి ప్రశ్న మాత్రమే. అతను లేని రోజున జనం ఏమి చేయగలరన్నది అసలు ప్రశ్న. ‘మాలపల్లి’ ఈ రెండో ప్రశ్నతో నాయకత్వాన్ని తూకం వేస్తుంది.

అవగాహనను పరీక్షించుకోండి

1. సంగదాసు, వెంకటదాసుల నాయకత్వ రీతులను పోల్చండి.
2. రామదాసు ఓర్పును నాయకత్వం అనవచ్చా? కారణాలతో రాయండి.
3. మీకు తెలిసిన ఒక సంఘంలో నిర్ణయాలు ఎలా జరుగుతాయో పది వాక్యాల్లో వివరించండి.