పులుసు మరిగినా రమ్ము పోదు

విశాఖపట్నం: రైల్వే ఉద్యోగాలతో వాల్తేరులో స్థిరపడిన ఆంగ్లో ఇండియన్ల విందు వంటల్లో కైమా ఉండల కూర ఒకటి. దీన్ని వారు ‘బాల్ కర్రీ’ అంటారు. కొబ్బరిపాలతో వండిన పసుపు అన్నంలో కలుపుకుని తింటారు.

కైమాలో నీరు లేకుండా పిండి, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు కలిపి చిన్న నిమ్మకాయంత ఉండలు చేయాలి. ఉల్లి, వెల్లుల్లి, కారం, టమాటాలతో కాచిన పులుసు బాగా మరిగాకే వాటిని వదలాలి. అవి గట్టిపడే దాకా గరిటె పెట్టరాదు. గిన్నెను మెల్లగా కుదిపితే చాలు.

ఇలాంటి విందు కూరల్లో రమ్ము, బ్రాందీ పోసేవారూ ఉన్నారు. గిన్నెను పొయ్యి మీద నుంచి దించాకే పోయాలి. లేకుంటే ఆవిరికి మంట అంటుకునే ప్రమాదం ఉంది.

ఉడికితే మద్యమంతా ఆవిరైపోతుందనుకోవడం పొరపాటు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం కూరలో కలిపి 15 నిమిషాలు ఉడికిస్తే పోసిన ఆల్కహాలులో 40 శాతం, గంట ఉడికించినా 25 శాతం మిగులుతుంది. అందుచేత పిల్లలకు, గర్భిణులకు, తాగుడు మానినవారికి రమ్ము పోయకముందే కూర వేరుగా తీసి ఉంచాలి. మిగతావారికైనా చెప్పే వడ్డించాలి. నాటుసారా మాత్రం వంటకు తగదు. అందులో మిథైల్ ఆల్కహాలు కలిస్తే కళ్లకు, ప్రాణానికీ ముప్పు.

రమ్ము లేకున్నా లోటేమీ లేదు. కాస్త చింతపండు రసంతోనే ఉండలకు మంచి రుచి వస్తుంది.