వివాహమునకు రాజముద్ర

వివాహము ఇరువురి మనస్సులకు సంబంధించినదే యైనను, దానికి ప్రభుత్వపు గుర్తింపు లేనందువలని కష్టము పెండ్లినాటికంటె, ఆ యిరువురిలో ఒకరు కన్నుమూసిననాడు మిక్కిలిగా తెలియవచ్చును. అమెరికాలో స్వలింగ వివాహములను గుర్తింపనొల్లని శాసనములను కూలద్రోసిన రెండు ప్రధాన వ్యాజ్యములకును మూలము అట్టి మరణములే.

1996లో అధ్యక్షుడు క్లింటన్ సంతకము చేసిన ‘వివాహ పరిరక్షణ చట్టము’, వివాహమనగా ఒక పురుషునకును ఒక స్త్రీకిని జరుగునదియే యని కేంద్రశాసనము లన్నిటికిని నిర్వచనము చేసెను. ఆ దేశమున వివాహవిషయము అనాదిగా రాష్ట్రముల అధీనమున నున్నది. కావున తరువాతి కాలమున ఒక రాష్ట్రము దంపతులని యంగీకరించినవారినే కేంద్రము పరాయివారినిగా నెంచు విచిత్రస్థితి యేర్పడినది.

న్యూయార్కు నివాసినులైన ఈడిత్ విండ్సర్, థియా స్పయర్ అనువారు 1967లోనే పెండ్లి నిశ్చయము చేసికొనిరి. ఉంగరము కనబడినచో వరుడెవరని కార్యాలయమున ఆరా తీయుదురను శంకచే, థియా వజ్రములు పొదిగిన గుండ్రని పిన్నును ఈడిత్‌కు బహూకరించెను. నలువది యేండ్ల పిమ్మట, థియా వ్యాధిగ్రస్తయై యుండగా, 2007లో వారు కెనడాకుఁ బోయి టొరంటోలో వివాహమాడిరి. 2009లో థియా మరణింపగా, భర్త యాస్తి భార్యకు సంక్రమించినచో లేని పన్ను ఈడిత్‌పై బడెను: 3,63,053 డాలర్లు. ఆమె ఆ సొమ్ము చెల్లించి, దానిని తిరిగి యిప్పింపుడని దావా వేసెను. 2013 జూన్ 26న సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో ఆ నిర్వచనమును కొట్టివేసెను.

ఆ తీర్పు రాష్ట్రముల నిషేధముల జోలికి పోలేదు. అట్టి నిషేధమున్న ఒహాయో రాష్ట్రపు నివాసి జిమ్ ఒబెర్గఫెల్, మంచము పట్టిన తన సహచరుడు జాన్ ఆర్థర్‌ను వైద్యవిమానములో మేరీలాండునకు గొనిపోయి, విమానాశ్రయమున నిలిచిన ఆ విమానములోనే పెండ్లాడెను. ఆర్థర్ మరణపత్రమున జీవిత భాగస్వామిగా తన పేరుండవలెనని అతడు సాగించిన పోరాటమే, 2015 జూన్ 26న స్వలింగ వివాహములను అన్ని రాష్ట్రములును జరిపింపవలెననియు గుర్తింపవలెననియు శాసించిన తీర్పునకు దారితీసినది.

మనదేశమున హైదరాబాదు నివాసులైన ఒక స్వలింగ జంట మొదలగువారు తమ వివాహములకు గుర్తింపు కోరి వేసిన వ్యాజ్యములపై, వివాహము ప్రాథమిక హక్కు కాదనియు, చట్టమును మార్చుట పార్లమెంటు పనియనియు 2023 అక్టోబరు 17న రాజ్యాంగ ధర్మాసనము తీర్పిచ్చెను. మరుసటి యేడు కేంద్ర ఆర్థికశాఖ, ఇట్టి జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరచుటకును, ఒకరినొకరు నామినీగా వ్రాసికొనుటకును ఆటంకము లేదని స్పష్టము చేసెను. అయితే నామినీ యగుట వేరు, వారసుడగుట వేరు. నామినీ చేతికి వచ్చిన సొమ్ముపై చట్టరీత్యా వారసులకే హక్కు కలదు గావున, వీలునామా వ్రాయకయే ఒకరు మరణించినచో, కలిసి బ్రతికిన రెండవవారికి దక్కున దేమియు ఉండదు.