కోడి మొగముపై పొక్కులు

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమున కోళ్లను పెంచువారు రెండు తెగలు. షెడ్లు కట్టి వేలకొలది కోళ్లను పెంచువారికి పశువైద్యుని సలహాయు, టీకాల పట్టికయు ఉండనే యుండును. మేము చెప్పబోవునది వారికి కాదు. పాశమైలారము, బొల్లారము కార్ఖానాలలో పని ముగించుకొని యింటికి చేరి, పెరటిలోని అయిదారు నాటుకోళ్లకు నూకలు చల్లెడి కుటుంబములకు. మేడపై పావురములను, వసారాలో 'లవ్ బర్డ్స్' అని మనవారు పిలిచెడి బడ్జరిగారు పిట్టలను సాకువారికి. ఇట్టి యింట ఒక పెట్ట జబ్బుపడినచో గ్రుడ్ల రాబడి పోవుటయే కాదు, పిల్లలు అన్నము మానుదురు.

వానలు పడి దోమలు ముసురు దినములలో కోడి జుట్టు మీద, గవద క్రింది లోలకుల మీద, కనురెప్పల అంచున తెల్లని చిన్న పొక్కులు లేచును. అవి నాలుగు దినములలో పసుపురంగుకు తిరిగి, ఒకదానితో నొకటి కలిసి, పులిపిరుల వలె గరుకై, నల్లని పెచ్చులు కట్టును. ఇదియే కోళ్ల మశూచి. పావురములకు ముక్కు మొదట, కనురెప్పలపై, కాళ్లపై వచ్చును. కొక్కెర రోగము వలె ఒక్క పెట్టున గంపెడు కోళ్లను తుడిచిపెట్టదు. ఒక పక్షి నుండి మరియొక పక్షికి మెల్లగా, వారముల తరబడి ప్రాకును. ఈ మెల్లదనమే మనకు దొరకిన వ్యవధి.

మశూచి యన్న పేరు విని తల్లులు బెదరుదురు. పల్లెలలో 'అమ్మ పోసినది' అని కోడిని గంప క్రింద కప్పి మాటాడక యూరకుందురు. మనుష్యులకు వచ్చిన మశూచి వేరు. అది మన దేశమున 1975లో కడపటిసారి కనబడెను. లోకము నుండియే తొలగినదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. కోళ్ల మశూచి వైరసు ఆ కుటుంబమునకే చెందినదైనను మనుష్యులకు అంటదు. కావున జబ్బు కోడిని పట్టుకొని చూచుటకు వెనుదీయ నక్కరలేదు. చేతులు కడుగుకొనుట చాలును, అదియు మన కొరకు గాక తక్కిన కోళ్ల కొరకు.

దోమ ఒక కోడిని కుట్టి, వైరసును తన తొండమున మోసికొని పోయి మరియొక దానిని కుట్టును. వైరసు దోమలో పెరుగదు గాని, ఆ తొండముపై కొన్ని వారములు నిలిచి యుండును. మురుగు కాలువలలో పుట్టెడి క్యూలెక్స్ దోమ ఈ పనికి మిక్కిలి తగినది. కార్ఖానాల చుట్టు వెలసిన కాలనీలలో మురుగు కదలక నిలుచుట మన మెరిగినదే. రెండవ దారి, రాలిన పెచ్చు. ఎండిన పెచ్చులో వైరసు నెలల తరబడి చావక పడియుండును. ఇచ్చటనే మనవారు చేయు పెద్ద పొరపాటు కలదు: పొక్కును గోటితో గిల్లి, కిరసనాయిలు పూయుదురు. గిల్లిన చోట పచ్చిపుండై చీము పట్టును. కిరసనాయిలు చర్మమును కాల్చును. గిల్లిన పెచ్చు నేల బడి ఇతర కోళ్లకు విత్తనమగును. పసుపు పూసిన పూయవచ్చును. దానితో వైరసు చచ్చునని మాత్రము తలపరాదు. వైరసును చంపు మందు లేదు. పొక్కులు మూడు నాలుగు వారములలో తామే యెండి రాలును. అంతవరకు పక్షిని బ్రతికించుటయే మన పని.

అందుకు జబ్బు కోడిని వేరు చేసి, దోమతెర కప్పిన గంపలో నుంచవలెను. రెప్పలు అతుకుకొని కన్ను కానరాకున్న, కోడి ఆకలితోనే చచ్చును, రోగముతో కాదు. కాచి చల్లార్చిన ఉప్పునీటిలో ముంచిన దూదితో రెప్పలు మెత్తపరచి, జావ వంటి మెత్తని మేత నోటికి అందించవలెను. మునగాకు, పాలకూర తరిగి పెట్టిన మంచిది. పుండు చీము పట్టినప్పుడు మందు ఏదియో పశువైద్యుడే చెప్పవలెను.

నోరు తెరచి చూచుట మరువరాదు. ఈ రోగము కొన్నింటికి లోపల వచ్చును. నాలుక మీద, గొంతులో పసుపుపచ్చని పొర కట్టి ఊపిరి సలుపనీయదు. చావులు ఎక్కువగా దీనివలననే. విటమిన్ ఎ లోపమునను, పావురములకు వచ్చు మరియొక గొంతు వ్యాధి వలనను ఇట్టి పొర కట్టును. బడ్జరిగారుకు ముక్కు చుట్టు తేనెపట్టు వలె గరుకు లేచిన అది పురుగు వలన వచ్చు గజ్జి కావచ్చును, దానికి మందు కలదు. చూచి పోల్చుట వైద్యుని పని.

టీకా సంగతి. 1931లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమున గుడ్‌పాస్చర్, ఉడ్రఫ్ అను శాస్త్రజ్ఞులు పొదిగెడి కోడిగ్రుడ్డులో ఈ వైరసునే పెంచి చూపిరి. తరువాత మనుష్యుల ఫ్లూ టీకాకును గ్రుడ్డే ఆధారమైనది. కోళ్ల జబ్బు మనకు చేసిన మేలు ఇది! మనకు హైదరాబాదు శాంతినగరులో పశువుల, కోళ్ల టీకాలు తయారుచేయు ప్రభుత్వ సంస్థ కలదు. దగ్గరి పశువైద్యశాలలో అడిగినచో తెలియును. ఆరు నుండి ఎనిమిది వారముల వయస్సున, రెండు మొనల సూదితో రెక్క నడిమి పలుచని చర్మమున గ్రుచ్చుదురు. మందును మంచులోనే తెచ్చి, కలిపిన రెండు గంటలలో వాడవలెను. ఏడు మొదలు పది దినముల నడుమ రెక్క ఎత్తి చూడుడు: చిన్న వాపు, పెచ్చు కనబడిన టీకా పట్టినట్లు, లేనిచో మరల వేయించవలెను. ఒకటి రెండు కోళ్లకే జబ్బు తగిలియున్న యెడల, ఆరోగ్యముగా నున్న తక్కిన వానికి అప్పుడును వేయింపవచ్చును. కోడి టీకాను పావురమునకు, పిట్టకు వైద్యుని మాట లేక వేయరాదు.

కోలుకొన్న కోడిని పెచ్చులన్నియు రాలిన పిదపనే మందలో విడువవలెను. ఆ పెచ్చులను, గంపలోని గడ్డిని ఊడ్చి కాల్చివేయుడు. కోళ్ల నీళ్ల తొట్టిని దినమునకొక మారు బోర్లించుడు. జబ్బు కోడిని తక్కువ ధరకు వారపు అంగడిలో అమ్మివేయుట కొందరికి అలవాటు. ఆ పొక్కులు అంగడి నుండి పది యూళ్లకు పోవును.