కొబ్బరిచెట్టు ముద్ర గల సమాజము - కోటెన్ సంస్థాన చరిత్ర

మన కోనసీమలో పెరటిచెట్టైన కొబ్బరి, మంచు కురిసెడు జర్మనీలో ఒక భాషా సమాజమునకు చిహ్నమైనదనిన పాఠకులకు వింతగా తోచవచ్చును. 1617 ఆగస్టులో వైమార్ నగరములో కొందరు ప్రభువులును, వారి ఆస్థానికులును కూడి 'ఫలప్రద సమాజము'ను స్థాపించినారు. కొబ్బరిచెట్టులో వ్యర్థమైన భాగము లేదు; సమాజ సభ్యుల కృషియు అట్లే సర్వోపయోగకరము కావలెనని వారి ఆశయము. దానికి ప్రథమాధ్యక్షుడు ఆన్‌హాల్ట్-కోటెన్ సంస్థానాధీశుడగు లూడ్విగ్.

ఎల్బ, సాలె నదుల నడుమనున్న ఈ చిన్న సంస్థానము, 1603లో ఆన్‌హాల్ట్ రాజసోదరులు రాజ్యమును పంచుకొనుటచే ఏర్పడినది. ఆ కాలమున జర్మను పండితులకు లాటిన్, ప్రభువులకు ఫ్రెంచి గౌరవ భాషలు. స్వభాషలో అనవసరమైన పరభాషా పదములు లేకుండ వ్రాయవలెనని సమాజము నియమము పెట్టుకొన్నది. మరుసటి యేడే ముప్పదేండ్ల యుద్ధము మొదలైనది. ఊళ్లు తగులబడుచున్నను ఈ కృషి ఆగలేదు. గ్వైన్ట్స్ పండితుని జర్మను వ్యాకరణము 1641లో కోటెన్‌లోనే అచ్చయినది. 1650లో లూడ్విగ్ మరణించునాటికి సమాజములో చేరినవారి సంఖ్య 527.

ఉపాధ్యాయులు ముఖ్యముగా తెలిసికొనదగిన కథ మరియొకటి కలదు. 1618లో లూడ్విగ్ రాట్కె అను విద్యావేత్తను కోటెన్‌కు రప్పించినాడు. బాలునకు మొదటి చదువు మాతృభాషలో చెప్పి, పిమ్మటనే ఇతర భాషలు నేర్పవలెనని రాట్కె వాదము. 1619లో పాఠశాల తెరచినారు. కాని ప్రభువునకు, పండితునకు పొసగలేదు. ఆ యేడే రాట్కె చెరసాల పాలయినాడు. 1620లో గాని విడుదల కాలేదు. ఆశ్రయమిచ్చిన చేయియే సంకెల వేసినది!

నూరేండ్ల తరువాత, 1717లో, లియోపోల్డ్ ప్రభువు సంగీత విద్వాంసుడు బాక్‌ను తన ఆస్థానమునకు పిలిచినాడు. కాల్విన్ మతానుయాయులగు వారి ప్రార్థనాలయములో ఆడంబర సంగీతమునకు చోటు లేదు. అందుచే బాక్ వాద్యసంగీతముపై మనసు నిలిపినాడు. బ్రాండెన్‌బర్గ్ ప్రభువునకు 1721లో సమర్పించిన ఆరు వాద్యరచనలు ఆ కాలమునకు చెందినవే. ఆ యేడే లియోపోల్డ్ వివాహమాడినాడు. పిమ్మట ప్రభువునకు సంగీతాసక్తి తగ్గినట్లు బాక్ ఒక లేఖలో వ్రాసికొన్నాడు. 1723లో అతడు లైప్‌జిగ్ చేరినాడు.

ఆ లైప్‌జిగ్ నుండియే 1821లో హానిమన్ కోటెన్‌కు వచ్చినాడు. తన మందులు తానే చేసి యిచ్చుకొనుటకు అక్కడి ఔషధ విక్రేతలు అడ్డుచెప్పగా, కోటెన్ ప్రభువు అనుమతించినాడు. నేడు మన పల్లెలలో సైతము వినవచ్చెడు హోమియోపతి పేరు ఆ వైద్యునిదే. 1835లో అతడును పారిస్‌కు తరలినాడు.

1847లో కోటెన్ రాజవంశము అంతరించినది. 1863 నాటికి ఆన్‌హాల్ట్ భాగములన్నియు ఒక్కటైనవి. 1918లో రాజరికమే పోయినది.

ప్రభువుల దయ ఆ ముగ్గురిని రప్పించినది. అది ఎవరిని కడవరకు నిలుపలేదు. అయినను చెరసాలలో పడిన రాట్కె భావము అక్కడ ఆగిపోలేదు. తరువాత కొమీనియస్ వంటి మహోపాధ్యాయుడు మాతృభాషా బోధనను సమర్థించి, విస్తరింపజేసినాడు. అమ్మ మాటలోనే తొలి పాఠము చెప్పెడు ప్రతి ఉపాధ్యాయుడును, ఎరిగినను ఎరుగకున్నను, ఆ ఖైదీకి సహచరుడే.